కోడెకీ బ్యారన్‌కీ పోటీ

మొన్న సింగరాయకొండ దాటాక రైల్వే గేటు పడి మా బస్సు ఆగింది. పక్కనే జామాయిల్, అదే నీలగిరి, కర్రల లారీ ఒకటి వచ్చి నిలబడింది. ఆ పొద్దునే కొట్టిన కర్రలు కాబోలు, అక్కడక్కడా అంటుకుని ఉన్న ఆకులు ఇంకా వాడలేదు. ఆ ఘాటు కిటికీలోంచి గుప్పున కొట్టింది. పక్కసీటావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గబగబా కిటికీ అద్దం మూసేశాను. నీలగిరి తైలం వాసనకి భయపడే మనిషి ఈ జిల్లా మొత్తంలో నేనొక్కదాన్నే అయివుంటాను. ఇరవై ఏళ్ళు దాటినా ఆ వాసన తగిలితే చాలు, ఒక వసారా, అందులో పడక్కుర్చీ, దాని నిండా ఓ భారీ మనిషి, ఆయన నోరు తెరుస్తారా తెరవరా అని ఊపిరి బిగబట్టి కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు కళ్ళ ముందుకొస్తారు.

ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేను. రెండోవారు ఎస్తేరమ్మ గారు, నా మొదటి హెడ్‌మిస్ట్రెస్. రెండువేల సంవత్సరం వచ్చిన కొత్తలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. ఒంగోలుకి దక్షిణంగా, హైవే దిగి లోపలికి వెళ్తే పొగాకు చేల మధ్య ఉంటుందా ఊరు. ఐదు తరగతులకీ కలిపి మేమిద్దరమే టీచర్లం. నేను పుట్టుకతోనే గాభరా మనిషిని. బస్సు వస్తుందో రాదో, పిల్లలు మాట వింటారో వినరో, తనిఖీకి ఎవరొస్తారో అని ఎప్పుడూ ఏదో ఒక భయం. అన్నిటికంటే నాకు పెద్ద భయం నిశ్శబ్దం. ప్రశ్న అడిగాక పిల్లాడు తడుముకుంటూ నిలబడితే నాకు ఊపిరాడేది కాదు. జవాబు నేనే చెప్పేసేదాన్ని.

చేరిన మూడో రోజు ఎస్తేరమ్మ గారు గుమ్మంలో నిలబడి ఇదంతా చూశారు. పిల్లలు వెళ్ళిపోయాక, "మాధవీ, ఆ పిల్లాడి నోటిదాకా వచ్చినదాన్ని నువ్వెందుకు లాక్కున్నావమ్మా?" అన్నారు.

"వాడికి రాదేమోనని మేడం."

"రాకపోతే వాడి బాధ. ఆగలేకపోవడం నీ బాధ. ఆ రెండూ కలిపెయ్యబాకు."

తిట్టినట్టు అనలేదు, సుద్దముక్కలు డబ్బాలో సర్దుకుంటూ అన్నారు. నాకు మాత్రం తల తీసేసినట్టయింది. తప్పు నాదేనని తెలిసినా మానలేకపోయాను.

బడి నాలుగింటికి వదిలితే నా బస్సు ఐదుంపావుకి. బడి వెనకే ఎస్తేరమ్మ గారి ఇల్లు. అంతసేపు రోడ్డు మీద ఎందుకని నన్ను తన వసారాలో కూర్చోమనేవారు. మొదటిరోజే నేను అక్కడ హడలిపోయాను. పడక్కుర్చీలో ఆవిడ భర్త దానియేలు గారు కూర్చుని ఉన్నారు. తాటిమొద్దులాంటి మెడ, వంకర తిరిగిన ముక్కు, ఎటో చూసే చూపు. ఎస్తేరమ్మ గారు చేతులు కడుక్కుని, సీసాలోంచి నీలగిరి తైలం ఒంపుకుని ఆయన భుజాలకి రుద్దడం మొదలుపెట్టారు. రుద్దుతూ రుద్దుతూ ఉన్నట్టుండి, "ఏవండీ, మీ కోడె ఒట్టి దండగమారి. బ్యారన్ ముందు మూడు రౌండ్లు నిలబడడు" అన్నారు.

ఆయన పలకలేదు. మొగుణ్ణి పట్టుకుని, అదీ కొత్తగా వచ్చిన నా ఎదురుగా, అంత మాట అంటారేమిటని నాకు ఎటు చూడాలో తెలియలేదు. చాలాసేపటికి ఆయన ఎడమచెయ్యి మెల్లగా లేచి గడ్డం దగ్గరకి వచ్చింది. "ఎట్టా నిలబడడు? బ్యారన్‌గాడు పొడుగే. పొడుగోణ్ణి ముందు తలమీద కొట్టకూడదు ఎస్తేరూ, పొట్టలో కొట్టాల. అప్పుడు తల దానంతటదే కిందికొస్తది" అన్నారు. మాట ముద్దగా ఉంది కానీ అర్థమైంది. ఎస్తేరమ్మ గారి మొహం అంత వెలిగిపోవడం నేను బడిలో ఎప్పుడూ చూడలేదు. వెలిగిన మొహంతోనే, "మీకేం తెలుసు, ఊరుకోండి" అన్నారు.

సంగతి నాకు కొన్నాళ్ళకి తెలిసింది. దానియేలు గారు రైల్వేలో పని చేశారు. వయసులో ఉన్నప్పుడు హెవీవెయిట్ బాక్సరు, రైల్వే జట్టు తరఫున ఎక్కడెక్కడో ఆడారు. ప్రపంచంలోని పెద్ద పెద్ద బాక్సర్ల ఫొటోలు పత్రికల్లోంచి కత్తిరించి ఇనప్పెట్టె నిండా దాచుకున్నారు. రిటైరయ్యాక మాటలు ఒక్కొక్కటే జారిపోవడం మొదలైంది. గుంటూరులో డాక్టరు చూసి, అప్పట్లో తలకి తగిలిన దెబ్బలు ఇప్పుడు లెక్క అడుగుతున్నాయన్నాడట. మాట్లాడిస్తూ ఉండండి, మాట ఆగిపోతే మనిషి తొందరగా దూరమైపోతాడన్నాడట. అన్నం పెట్టనా అంటే ఆయన 'ఊ' అనేవారు. కొడుకు ఫోన్ చేస్తే రిసీవర్ చెవికి ఆనించుకుని ఊరుకునేవారు. ఒక్క బాక్సింగు విషయంలో, అదీ ఎవరైనా కాదని ఎదురు చెప్తేనే, పూర్తి వాక్యం వచ్చేది.

ఆ బాక్సర్ల అసలు పేర్లు ఆయన ఎప్పుడో మర్చిపోయారు. అందుకని వాళ్ళలో ఇద్దరికి ఇంట్లో పిలుచుకునే పేర్లు పెట్టుకున్నారు. వెనకటి కాలం వాడు కోడె: తెలుపు నలుపు ఫొటోల్లో ఉంటాడు, మరీ పెద్ద ఒళ్ళు కాదు, కాళ్ళు నేల మీద ఆనవు. ఈ కాలం వాడు బ్యారన్: పచ్చి పొగాకుని వేడికి ఆరబెట్టే కొట్టాన్ని మా వైపు బ్యారన్ అంటారు, అంత ఎత్తూ అంత వెడల్పూ ఉంటాడు, కేబుల్ టీవీలో చూసి ఎస్తేరమ్మ గారు పెట్టిన పేరు. ఎప్పుడూ ఎదురుపడని, పడే వీలే లేని వీళ్ళిద్దరికీ ఆ వసారాలో రోజూ పోటీ. ఎస్తేరమ్మ గారు ఎప్పుడూ బ్యారన్ వైపే. ఇప్పటివాళ్ళ తిండి వేరు, కసరత్తు వేరు, ఆ బరువు మీద పడితే కోడె నలిగిపోతాడనేవారు. ఆయన కాసేపటికి, అప్పట్లో పదిహేను రౌండ్లు, ఇప్పుడు పన్నెండేగా, ఆ చివరి మూడింట్లో మీవాడికి ఊపిరుంటదా అని అడిగేవారు. ఇప్పుడు నాలుగు దెబ్బలు పడగానే రిఫరీ ఆపేస్తున్నాడు, కోడె కాలంలో ఆపేవాడే లేడని ఇంకోరోజు. చెయ్యి పొడుగున్నవాడు దూరంగా ఉంటేనే గెలుస్తాడు, లోపలికి దూరితే ఆ పొడుగే అడ్డమని మరోరోజు. బాక్సింగంటే ఒట్టి గుద్దులాట అనుకున్నదాన్ని, నాకే దాని మీద రుచి పుట్టింది.

అయితే ఆ రుచి వెనకాలే భయమూ ఉండేది. ఆవిడ మాట అన్నాక ఆయన జవాబు వచ్చేదాకా నేను మనసులో అంకెలు లెక్కపెట్టేదాన్ని. వెళ్ళిన కొత్తలో ఇరవై దాటేది కాదు. రెండో ఏడు పొగాకు నాట్లనాటికి అరవై దాటింది. ఎస్తేరమ్మ గారు కూడా లెక్కపెడుతున్నారని ఆవిడ పెదవుల కదలికని బట్టి కనిపెట్టాను. మేమిద్దరం ఆ సంగతి ఒకరితో ఒకరం ఎప్పుడూ అనుకోలేదు.

ఆ ఏడు ఆవిడకి గుంటూరులో రెండు రోజుల ట్రైనింగు పడింది. అన్నం పెట్టడానికి పక్కింటావిడ ఉంది. సాయంత్రం పోట్లాట మాత్రం నన్ను పెట్టుకోమన్నారు. "నువ్వు బ్యారన్ వైపుండు. ఓడబాకు, గెలవబాకు. ఊరికే కాదంటా ఉండు. ఆయన ఆలస్యం చేస్తే చెయ్యనీ" అన్నారు. సరేనన్నాను. రాత్రంతా ఆ మాటలే వల్లెవేసుకున్నాను.

మర్నాడు తైలం రుద్దకుండా, ఆయనకెదురుగా స్టూలు మీద కూర్చుని, "దానియేలు గారూ, బ్యారనే గెలుస్తాడండీ" అన్నాను. ఆయన నావైపు చూశారు. ముప్పై, అరవై, తొంభై. ఎడమచెయ్యి ఒడిలోనే ఉంది. నూట ఇరవై. నా వల్లే ఆయన మాట పూర్తిగా పోయిందని, ఆవిడ తిరిగొస్తే ఏం మొహం పెట్టుకుని చెప్పాలని భయం వేసింది. ఆయన పెదవులు కదిలాయి. కదిలినట్టు నేను చూశాను కూడా. అయినా ఆగలేకపోయాను.

"లేదులెండి, మీరు చెప్పిందే కరెక్టు. కోడే గెలుస్తాడు. నేను ఒప్పుకుంటున్నాను" అనేశాను.

ఆయన నన్ను కాసేపు చూసి, మెల్లగా తలూపి, కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. అలసటంతా తీరిన మనిషి పడుకున్నట్టు పడుకున్నారు. మర్నాడు సాయంత్రం నేనెంత కాదన్నా కళ్ళు తెరవలేదు.

ఎస్తేరమ్మ గారు తిరిగొచ్చి, సంచి కూడా దించకుండా, "ఏవండీ, మీ కోడె సంగతి తేలుద్దామా?" అన్నారు. నేను స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. ఆయన కళ్ళు తెరిచి, "తేలిపోయిందిగా" అన్నారు. ఆ ఒక్కమాటే.

ఆవిడ నావైపు తిరిగారు. దాచాలనిపించింది కానీ నా వల్ల కాలేదు. ఏడుస్తూ జరిగిందంతా చెప్పాను. "ఎందాకా లెక్కపెట్టావు?" అని అడిగారు. "నూట ఇరవై దాటాక ఆపేశానండీ." ఆవిడ సంచి పట్టుకుని లోపలికి వెళ్ళారు. ఆ రోజు నన్ను తిట్టివుంటే ఎంత బాగుండేదో.

తర్వాత తొమ్మిది రోజులు ఆవిడ ఏమన్నా ఆయన పలకలేదు. బ్యారన్‌ని పొగిడారు, కోడెని తిట్టిపోశారు, ఇనప్పెట్టె తెచ్చి ఫొటోలు ఒళ్ళో పోశారు. గెలిచిన పోటీ గురించి మళ్ళీ వాదించడమెందుకన్నట్టు ఆయన ఊరుకున్నారు. అన్నం కూడా తగ్గిపోయింది. నేను బదిలీ పెట్టుకుందామనుకున్నాను. ఆ వసారాలోకి అడుగుపెట్టాలంటే కాళ్ళు రావడం లేదు. అయినా ఆవిడ, "రామ్మా, బస్సుకి టైముంది" అని రోజూ పిలిచేవారు.

పదోరోజు ఆవిడ తైలం రుద్దుతూ రుద్దుతూ చెయ్యి ఆపారు. "తేలింది పాతికేళ్ళ కోడె సంగతేగా. ముప్పై ఎనిమిదేళ్ళ కోడె అయితేనో?" అన్నారు.

నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. వంద దాటింది. రెండొందలు దాటింది. తర్వాత లెక్క తప్పింది. రోడ్డు మీద నా బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఎస్తేరమ్మ గారు ఆయన భుజం మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడ్డారు. ఆయన ఎడమచెయ్యి ఒడిలోంచి లేచింది, సగంలో ఆగింది, మళ్ళీ లేచి గడ్డం చేరింది.

"అప్పటికి కాళ్ళు పోతాయి ఎస్తేరూ. ఊరికే దెబ్బలు తింటా నిలబడతాడు. రింగు మూలనున్న వాడి మనిషి చూసుకోవాల. చూసి రింగులోకి తువ్వాలు వేసెయ్యాల, ఇంక చాలు, పోటీ ఆపమని."

"ఎవరు వేస్తారు తువ్వాలు?" అన్నారావిడ. "నేను వెయ్యను."

"మొండిదానివి" అన్నారాయన. అలా పోటీ మళ్ళీ మొదలైంది.

ఆ తర్వాత ఆయన ఇంకో రెండేళ్ళు మాట్లాడారు. ముప్పై ఎనిమిదేళ్ళ కోడె, దెబ్బ తగిలిన కోడె, వానలో కోడె. తేలిపోకుండా ఆవిడ రోజుకొకటి పుట్టించేవారు. చివరి ఏడు మాట పూర్తిగా పోయింది. అయినా సాయంత్రం ఆవిడ మాట అనడం, నా బస్సు వచ్చేదాకా ఆగడం మానలేదు. ఒకరోజు ఉండబట్టలేక, "ఇంకా ఎందుకు మేడం?" అన్నాను. "ఆయన ఆలోచిస్తున్నారమ్మా" అన్నారు.

ఆయన పోయాక, సమాధి కార్యక్రమం అయిన వారానికి వెళ్ళి ఆవిడని కలిశాను. పడక్కుర్చీ గోడకి చేర్చి ఉంది. ఏం మాట్లాడాలో తెలియక, ఇద్దరం మాట్లాడుకోవడానికి మిగిలింది అదే కాబట్టి, "నిజంగా పోటీ పడితే ఎవరు గెలిచేవారంటారు మేడం?" అని అడిగాను. ఈసారి మాత్రం ఆగాను. ఆవిడ చాలాసేపు తీసుకున్నారు.

"కోడేనమ్మా. అందులో అనుమానమేముంది? పెళ్ళయిన కొత్తలో ఆ ఫొటోలు చూపించి ఆయన చెప్పినప్పుడే నాకు తెలుసు. నేను మొదట్నించీ కోడె వైపే." కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ మాట ఆయనతో అనడానికి లేకపోయింది."

ఇప్పుడు నేనూ హెడ్‌మిస్ట్రెస్‌నే. భయం ఏమీ తగ్గలేదు. పిల్ల జవాబు కోసం తడుముకుంటూ నిలబడితే నా లోపల అంకెలు ఇప్పటికీ నడుస్తూనే ఉంటాయి, మిగతా పిల్లలు అందించబోతే వద్దని వేలు చూపించి ఆగుతాను. కానీ ఆ పిల్ల సరైన జవాబు చెప్పిందంటే మాత్రం క్షణం ఆలస్యం చెయ్యను. నువ్వు చెప్పిందే కరెక్టమ్మా అని వెనక బెంచీ దాకా వినపడేలా అంటాను.