గుడ్లగూబ పిల్లలకు వడ్డన

మా వదిన ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే మా అన్నయ్య "పిట్టల తరఫు వకీలు" అంటాడు. నిజానికి ఆవిడ జంతుప్రదర్శనశాల ప్రచార విభాగంలో పనిచేస్తుంది. బడులకీ అపార్టుమెంట్లకీ వెళ్లి, మన మధ్యే బతికే పాములూ గబ్బిలాలూ గుడ్లగూబల గురించి చెబుతుంది. ప్రొజెక్టరు మోస్తూ ఆవిడ వెంట తిరిగే డ్రైవర్ని నేను. మరిదిననే చనువుతో వాదిస్తాను, డ్రైవర్ననే భయంతో ఊరుకుంటాను.

ఆవిడకో పద్ధతి ఉంది. మొదటి సమావేశంలో "చేయకండి" అనే మాటే ఎత్తదు. బొమ్మలు చూపించి, నవ్వించి, ఆ ప్రాణి మీద జనానికి మనసయ్యేలా చేస్తుంది. చేయకూడనివన్నీ రెండో సమావేశంలోనే. "మొదటిరోజే తిడితే రెండోరోజు ఖాళీ కుర్చీలకి చెప్పుకోవాలి బాబూ" అంటుంది. ఈ వాయిదాల వ్యవహారం నాకు ఏనాడూ మింగుడుపడలేదు.

ఒక అపార్టుమెంటు వాళ్లు గుడ్లగూబల్ని పట్టుకుపొమ్మని ఫోన్ చేశారు. మేడ మీద పాత నీళ్లట్యాంకు గదిలో తెల్ల గుడ్లగూబ మూడు పిల్లల్ని పెట్టింది. కీడని కొందరి భయం, కంపని కొందరి గోల. రెక్కలు రాకముందు కదిపితే ఆ పిల్లలు బతకవు. అందాకా వాటిని అక్కడే ఉండనివ్వమని ఒప్పించడం వదిన పని.

ఒప్పించింది. "ఈ మొహం చూడండి, యాపిల్‌ని అడ్డంగా కాదు, నిలువుగా కోసినట్టు లేదూ? రాత్రంతా ఎలకల్ని మోసుకొస్తే గానీ వీటి కడుపు నిండదు. జీతమడగని పనివాళ్లండీ, పోగొట్టుకుంటారా?" అంది. హాలంతా నవ్వింది. వెనక నిలబడ్డ వాచ్‌మన్ మాత్రం "పాపం, ఆ తల్లికెంత కష్టమో" అన్నాడు. సంఘం కార్యదర్శి, రిటైరైన టీచరమ్మ, "మన మనవలే అనుకుందాం" అని తీర్మానించేసింది.

రెండో సమావేశం మరుసటి వారం జరగాలి. హాల్లో రంగుల డబ్బాలున్నాయని వాళ్లు వాయిదా అడిగారు. వదిన సరేనంది. నేను గొణిగాను, ఎవరూ వినలేదు.

తర్వాత వచ్చిన ఫోన్ వాచ్‌మన్‌ది. "పిల్లలు తలలు వాల్చేస్తున్నాయమ్మా, తొందరగా రండి."

మేం పైకెళ్లేసరికి గోనెపట్టా మీద రెండు చచ్చి పడున్నాయి. మూడోదాని ముక్కు నుంచి నెత్తురు కారుతోంది. పక్కనే వరసగా పేర్చిన ఎలకలు.

"ఇవెక్కడివి?" అంది వదిన.

"కింద పార్కింగులో మందు పెడతాం కదమ్మా. చచ్చినవి ఏరి, శుభ్రంగా కడిగి తెస్తున్నా. ఆ తల్లికి కాస్త విశ్రాంతిగా ఉంటుందని. అన్ని ఇళ్లవాళ్లూ వంతులేసుకుని మరీ అందిస్తున్నారు."

వదిన పశువుల డాక్టరుకి ఫోన్ చేస్తే వెంటనే తెమ్మన్నాడు. అట్టపెట్టె వెతికేలోపే మూడోదీ పోయింది. తల్లి నిన్నటినుంచి రావడంలేదని వాచ్‌మన్ చెప్పాడు.

కిందికి దిగి వదిన అందరికీ చెప్పింది, ఎలకల మందు ఎలకతో ఆగదని, దాన్ని తిన్నవాటినీ చంపుతుందని. "ఇది మొదటిరోజే చెప్పాల్సింది. నాదే తప్పు" అంది. వాచ్‌మన్ తన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండిపోతోంది. ఎవరినైనా నాలుగు కడిగేద్దామంటే అక్కడ చెడ్డవాడు ఒక్కడూ లేడు. అందరి కళ్లలోనూ నీళ్లే.

టీచరమ్మ వదిన చేతులు పట్టుకుంది. "తెలియక చేశాం తల్లీ. మా వంటింటి కిటికీలో ఉడత గూడు కట్టుకుంది. దీన్నైనా బాగా చూసుకుంటాం. దానికేం పెట్టమంటావో చెప్పు."

చుట్టూ ఉన్నవాళ్లంతా వినడానికి ముందుకు జరిగారు. వదిన నావైపు చూసింది. నేను హాల్లో రంగుల డబ్బాలు పక్కకి జరిపి, రెండో సమావేశానికి కుర్చీలు వేయడం మొదలుపెట్టాను.