కోతల పండుగ నీళ్లలో నా మట్టి మూట

ఒక్క మూట మట్టితో ఊరి పండుగను ఎలా ముంచాలో తెలుసుకోవాలంటే నన్నడగండి. నేను ముంచాను. అదీ ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఫస్టు క్లాసులో పాసై మరీ!

తొంభైల చివరి మాట. నంద్యాలలో ఒక కాలేజీలో కొత్తగా లెక్చరర్‌గా చేరాను. మా ఊరు ఆళ్లగడ్డ పక్కన పల్లె. బోరు నీళ్లలో ఫ్లోరైడు, పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు. మట్టిని ఎర్రగా కాల్చి, పొడిచేసి నీళ్లలో కలిపితే ఆ ఫ్లోరైడును పట్టుకుని అడుక్కి దిగుతుందని ల్యాబులో చూశాను. చూసింది గ్లాసెడు నీళ్లలో. గర్వం మాత్రం ట్యాంకరెడు.

అంతలో మా చర్చిలో కోతల పండుగ వచ్చింది. ఆరాధన అయ్యాక ఊరందరికీ భోజనాలు. నీళ్ల పూచీ మా నాయనది. ఆయన ఊరి బడిలో అయ్యవారు, చర్చి సంఘంలో పెద్ద. తెల్లారకముందే మూడు డ్రమ్ములు నింపించాడు. బోరుకు మళ్లీ కరెంటు వచ్చేది సాయంత్రమే. ఆ నీళ్లు పోతే ఊరికి అన్నం లేనట్టే.

"నాయనా, ఈ పొద్దు ఊరంతా తాగేది నేను శుద్ధి చేసిన నీళ్లే."

"యాడన్నా చేసి చూసినావా పాపా?"

"సైన్సు నాయనా! అనుమానమెందుకు?"

ఒక సంగతి ఆయన దగ్గర దాచాను, మీ దగ్గర దాచను. ల్యాబు కొలిమిలో ఒకసారికి గుప్పెడు మట్టే కాలుతుంది. మూడు డ్రమ్ములకు మూట కావాలి. కాలితే ఏం, కాలకపోతే ఏం, మట్టి మట్టే కదా! చర్చి లోపల పాటలు పాడుతుండగా పచ్చిమట్టి పొడినే డ్రమ్ముల్లో కుమ్మరించి కర్రతో కలిపాను. మా అమ్మ సంగటి కూడా అంత శ్రద్ధగా కెలకదు.

అరగంట గడిచింది. మట్టి అడుక్కి దిగలేదు సరికదా, ఉబ్బింది. వంటల పెత్తనం చేసే సుందరమ్మత్త చెంబు ముంచి పైకెత్తింది.

"ఏందే ఇది? నీళ్లు యాడ?"

"అవే అత్తా. శుద్ధికి మట్టి కలిపాను, తేరుకుంటాయిలే."

"మట్టి కాల్చినావా?"

"లేదు..."

"పచ్చికుండలో నీళ్లు పోస్తే ఏమైతాదో కుమ్మరోళ్ల పసిబిడ్డకు గూడా తెలుసు గదే! నీకు చదువు చెప్పిన అయ్యవారు ఎవురు?"

ఆ అయ్యవారు పక్కనే తలవంచుకుని నిలబడి ఉన్నాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నా చదువుకు మతితోపాటు ఊరి నీళ్లు కూడా పోయాయి.

కబురు లోపలికి వెళ్లింది. ప్రసంగం ముగించబోతున్న పాస్టరుగారు "ప్రియులారా, ఇంకొక్క మాట" అన్నారు. ఆ ఒక్క మాట రెండు గంటలు సాగింది. ఈలోగా నాయన పక్క ఊరి బావి నుంచి ట్రాక్టరులో బిందెలు తెప్పించి, తనే మోశాడు. నన్ను తిట్టినా బాగుండేది, సిగ్గుతో చచ్చిపోయాను.

సుందరమ్మత్త మాత్రం డ్రమ్ముల్లోని బురద తోడి, పగుళ్లిచ్చిన పొయ్యిలకు మందంగా మెత్తింది. "మట్టి మంచిదేనే, బాగా అంటుకుంటాండాది," అంది. ఆ పొయ్యిల మీదే ఊరంతటికీ అన్నం ఉడికింది.

మర్నాడు చూద్దును కదా, పొయ్యిల మీది మట్టి ఎర్రగా కాలి పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది! గంపెడు ఏరి, దంచి, బిందెడు నీళ్లలో కలిపాను. చక్కగా అడుక్కి దిగింది. ల్యాబులో పరీక్షిస్తే ఫ్లోరైడు తగ్గింది. మొదటి గ్లాసు నాయనే తాగాడు.

"బాగుండాయి పాపా," అన్నాడు. నా గుండె పొంగిపోయింది, ఇప్పటికీ దిగలేదు.

సుందరమ్మత్త మూతి తిప్పింది. "పొయ్యి నాది, కట్టెలు నావి, కాల్చింది నేను. లెక్చరర్ ఉద్యోగం మాత్రం దీనికి!"

అందుకే నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను: నిప్పు చూడని మట్టిని జన్మలో నీళ్లలో వెయ్యను. నిప్పు చూసినదైనా సుందరమ్మత్తను అడక్కుండా వెయ్యను.