మిగిలిపోయిన పేరు

“అక్కా, నువ్వు సముద్రం పక్కన పుట్టి పెరిగినదానివి. మా పాపకి మంచి ప్రకృతి పేరు ఒకటి చెప్పక్కా,” అని అడిగింది.

అడిగినామె మా పక్క ఊళ్ళో అంగన్‌వాడీ టీచరు. నేనూ అదే పని చేస్తున్నాను కాబట్టి మీటింగులకు వాకాడు దాకా కలిసి పోతుంటాం. ఆమెది కోవూరు దగ్గర వరి పండించుకునే కుటుంబం. పెళ్ళయి మా వైపు వచ్చింది. మంచి పిల్ల. కాన్పయి పుట్టింటి నుంచి వచ్చిందని చూడ్డానికి వెళితే, పాపను ఒళ్ళో వేసుకుని ఒక చేత్తో ఫోన్ తిప్పుతూ కూర్చుంది. “ఇదంటే మంచుబిందువంట, ఇదంటే లేత చిగురంట, ఇదేమో అడివంట. అన్నీ బాగానే ఉండాయి గానీ ఒక్కదానికీ నోరు తిరగడం లేదక్కా,” అని నవ్వింది.

ప్రకృతి! ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. కిటికీలోంచి చూసేవాళ్ళకు ఉంటుంది ప్రకృతి. మా ఊళ్ళో ఆ మాట ఎవరూ అనగా నేను వినలేదు. గాలి అంటారు, నీళ్ళు అంటారు, వాన అంటారు. అన్నప్పుడల్లా ఒక దణ్ణమన్నా పెడతారు, లేదా నోటికొచ్చినట్టు తిడతారు.

ఆ మాటకొస్తే మా ఇంట్లో ఉన్నదీ ప్రకృతి పేరే. నా కూతురిది తుఫాను పేరు. మా ఊరి మీద పడి, పోతూ పోతూ నా భర్తను తీసుకుపోయిన తుఫాను పేరే నా కూతురికి పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయను. ఇంట్లో రోజుకు ఇన్నిసార్లు పిలవక ఎలాగూ తప్పదు. రాయడం నా చేతిలో పని కదా, ఇక్కడైనా దానికి చోటివ్వను.

మేము అనుకున్న పేరు అది కాదు.

నా భర్త నా మేనమామ కొడుకు. పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని. మాటలు తక్కువ మనిషి. నాకు ఐదో నెలప్పుడు ఇంటి ముందు ఇసకలో కూర్చుని వల బాగుచేసుకుంటూ, తల ఎత్తకుండానే అన్నాడు: “ఆడపిల్లయితే వేకువ అని పెడదాం మే.”

నాకు నవ్వొచ్చింది. “వేకువేంది బావా? ఎవురన్నా పెట్టుకుంటారా? రేపు బళ్ళో పిల్లోళ్ళు మధ్యాన్నం, సాయంత్రం అని ఎక్కిరిస్తారు.”

“ఎక్కిరిస్తే ఎక్కిరించనీ. నీకేం తెలుసు? చీకట్లో వల లాగతా ఉంటే ఒడ్డు ఏ పక్కుండాదో తెలీదు. ఎన్నేళ్ళు వేటాడినోడికైనా లోపల గుబులుగానే ఉంటాది. వేకువయ్యి మన సరుగుడు తోపు కనపడిందనుకో, అప్పుడు పానం లేచొస్తాది. మా నాయనకీ అంతే, మా తాతకీ అంతే.”

ఆయన నాతో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఆ రోజు నుంచి వేట ముగించుకుని రాగానే నన్ను పలకరించడం మానేసి నా కడుపును పలకరించేవాడు. “ఏం వేకువా, మీ అమ్మ అన్నం తిన్నాదా లేదా?” మగపిల్లోడు పుడితేనో అని నేను ఉడికిస్తే, “అప్పుడు పేరు నువ్వే చూసుకో, నాకు పన్లేదు పో,” అనేవాడు. మా అత్త కూడా మొదట్లో ముక్కు విరిచింది గానీ, తర్వాత తర్వాత తనూ ఆ పేరే అనడం మొదలుపెట్టింది. అప్పటికి మా ఇంట్లో ముగ్గురం కాదు, నలుగురం.

నెలలు నిండాయి, తుఫాను వచ్చింది. ముందురోజే మైకులో చెప్పి అందరినీ తుఫాను షెల్టర్‌కు తోలారు. మామూలు రోజుల్లో మా వాళ్ళు వలలు దాచుకునే మేడ అది. తెల్లారాక మా ఆయన, “బోటును ఇంకొంచెం పైకి, తోపు దాకా లాగి కట్టేసి వచ్చేస్తా,” అని ఇంకో ఇద్దరితో కలిసి వెళ్ళాడు. అన్నం పెట్టేది ఆ బోటే కాబట్టి వద్దని ఎవరూ అనలేదు.

మధ్యాహ్నానికి నాకు నొప్పులు మొదలయ్యాయి. నర్సమ్మ ముందే వచ్చి ఉండబట్టి బతికిపోయాను. ఆడవాళ్ళు చుట్టూ చీరలు అడ్డం పట్టారు. బయట గాలి హోరులో నా అరుపు నాకే వినపడలేదు. పాప పుట్టింది. కళ్ళు తెరవగానే, “బావ వచ్చినాడా?” అన్నాను. “వస్తాడు లేమే, గమ్మున పడుకో,” అంది మా అత్త. నా కాళ్ళు పిసుకుతూ కూర్చుంది గానీ నా మొహం మాత్రం చూడలేదు.

ఆయనతో వెళ్ళిన ఇద్దరూ అప్పటికే తిరిగి వచ్చారని నాకు తర్వాత తెలిసింది. కట్టిన మోకు తెగి బోటు కదిలితే ఈయన దాన్ని పట్టుకోబోయాడట. నీళ్ళు వచ్చి బోటునూ మనిషినీ కలిపి లాక్కుపోయాయట. ఆ మేడలో ఉన్న ఊరందరికీ ఆ సంగతి తెలుసు. చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలియనిది నాకూ, అప్పుడే పుట్టినదానికీ మాత్రమే.

సాయంత్రానికి గాలి నెమ్మదించింది. దారిలో చెట్లు పడిపోయాయని మండలాఫీసు పెద్దసారొకాయన ట్రాక్టర్ ఎక్కి వచ్చాడు. వెంట కెమెరా పట్టుకుని ఒకతను. షెల్టర్‌లో ఒకామె కనిందని ఎవరో చెప్పగానే ఇద్దరూ నా మంచం దగ్గరకు వచ్చారు.

“ఇంత గాలిలో పుట్టిందా! ఇంకేం, ఈ తుఫాను పేరే పెట్టేయండి. అదేదో దేశంలో ఒక పువ్వు పేరమ్మా. ఆడపిల్లకు పువ్వు పేరు ఎంత బాగుంటుంది!” అన్నాడు సారు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు.

నేను నోరు తెరిచాను. “మేము ఒక పేరు అనుకొనుండాం సారూ...”

మా అత్త నా చెయ్యి గట్టిగా నొక్కింది. “మీరు పెట్టిందే పేరు సారూ! మీ దయ సారూ!” అని ఆయన కాళ్ళ మీద పడి ఏడ్చింది. మనవరాలు పుట్టిన సంతోషమనుకున్నాను. “కొంచెం నవ్వమ్మా,” అన్నాడు కెమెరా అతను. నవ్వాను. ఎందుకు నవ్వను? బంగారం లాంటి బిడ్డ పుట్టింది, మొగుడు బోటు కట్టేసి వస్తున్నాడు, పెద్దసారు మంచం దగ్గరకొచ్చి పలకరించాడు. పేరు సంగతి బావ వచ్చాక చూసుకోవచ్చులే అనుకుని నిండుగా నవ్వాను.

మా అత్త ఏడ్చింది కొడుకు కోసం. ఆ సారును పక్కకు తీసుకుపోయి, వెతకడానికి బోటు పంపమని అడిగిందట. పేరు కాదంటే ఆయనకు కోపమొస్తుందేమో, కోపమొస్తే పంపడేమో అని ఆమె భయం. ఆయన పంపాడు, అబద్ధం చెప్పకూడదు. వెతికినవాళ్ళకు నా భర్త దొరికాడు. ప్రాణంతో కాదు.

నా భర్తను సాగనంపిన రోజునే ఎవరో పేపరు తెచ్చారు. అందులో నేను నవ్వుతున్నాను. నా పక్కన బిడ్డ, కింద పెద్ద అక్షరాల్లో ఆ దిక్కుమాలిన పేరు. పొయ్యిలో పెట్టండని అరిచాను. మా అత్త పెట్టనివ్వలేదు, మడిచి దాచుకుంది.

మాలో బిడ్డకు పేరు పెట్టాలంటే బారసాల చేయాలి. పళ్ళెంలో బియ్యం పోసి, తండ్రి ఉంగరంతో పేరు రాయాలి. అది బిడ్డ చెవిలో చెప్పాలి. మా ఇంట్లో మైల. రాయాల్సిన మనిషే లేడు. చెవిలో ఏ పేరు చెప్పడానికీ ఎవరికీ నోరు రాలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళు మాత్రం, “ఏదీ, ఆ పేపర్లో పడిన పాప?” అని ఆ పేరుతోనే అడిగేవాళ్ళు. సర్టిఫికెట్టు కూడా ఆ పేరుతోనే ఇంటికొచ్చింది. అంతే, అతుక్కుపోయింది.

ఊరికే వదిలేశాననుకోకండి. బళ్ళో వేసే ముందు మార్చేద్దామని, ఇంట్లో వేకువా, వేకువా అని పిలవడం మొదలుపెట్టాను. పిల్ల తిరిగి చూసేదే కాదు. “అదెవురు మా?” అని ఒకసారి వీధిలోకి తొంగిచూసింది. మా అత్త నా మీద లేచింది.

“ఆ పేరు ఒప్పుకోబట్టే గదే నా బిడ్డ మొకం కడసారి చూసుకున్నా! పక్క ఊళ్ళో నీళ్ళలో పోయినోళ్ళ ఇండ్లకు అదీ దక్కలా. దాన్ని తీసేస్తానంటే నేనొప్పుకోను.”

“నీ బిడ్డను మింగినదాని పేరు నా బిడ్డకెందుకత్తా?” అన్నాను.

ఆ తర్వాత చాలా రోజులు ఇద్దరం ఒకే పొయ్యి మీద వండుకుని వేరువేరుగా తిన్నాం. బళ్ళో పెద్దయ్యవారు కూడా, “పేపర్లో వచ్చిన పేరు, మార్చుకుంటారా ఎవరైనా!” అని నన్నే మందలించారు. అందరికీ ముచ్చటే. నేనొక్కదాన్నే పాపిష్టిదాన్ని.

ఇంతకీ పిల్లకు ఆ పేరంటే ఇష్టం. పుస్తకాల మీద పేరు రాసి పక్కన పువ్వు వేసుకుంటుంది. “ఆ పేరు ముందు పువ్వుది, తర్వాత తుఫానుది, ఇప్పుడు నాది,” అని తోటిపిల్లలకు గొప్పలు చెప్పుకుంటుంది. వినీ వినీ నేను ఓడిపోయాను. వేకువ అనే పేరు నా దగ్గరే మిగిలిపోయింది. తీసి వాడుకోలేను, పారేయలేను. దాన్ని పెట్టినవాడు పోయాడు, పెట్టించుకోవాల్సింది దానికి పలకలేదు. ఇంక నేను పోతే ఆ మాట కూడా నాతోనే పోతుంది.

అందుకే ఆ రోజు టీచరమ్మ ఫోన్ తిప్పుతూ తిప్పుతూ విసిగిపోయి, “నువ్వన్నా చెప్పక్కా,” అని రెండోసారి అడిగినప్పుడు నా నోట్లోంచి అది వచ్చేసింది.

“వేకువ అని పెట్టు.”

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. “అబ్బ, ఎంత బాగుండాదక్కా! ఇన్ని రోజులు యాడ దాచిపెట్టినావు?” అంది. నేను నవ్వి పాపను ఒళ్ళోకి తీసుకున్నాను. ఎవరి బిడ్డకైనా పెడితే, ఎవరైనా ఆ పిలుపుకు పలికితే, ఆయన మాట నేల మీద ఉన్నట్టే కదా అనుకున్నాను. ఇంటికి నడిచి వస్తుంటే కళ్ళ నీళ్ళు ఆగలేదు.

బారసాలకు నేనూ నా కూతురూ వెళ్ళాం. మోకాళ్ళ నొప్పులని మా అత్త రాలేదు, ఆ పాపకేం పేరనుకున్నారో ఆమెకు నేను చెప్పనూ లేదు. కొత్త బియ్యం పళ్ళెంలో పోసి, పాప తండ్రి ఉంగరంతో పేరు రాశాడు. నా కూతురు అందరి మధ్యలోంచి దూరి, పళ్ళెం మీదికి వంగి గట్టిగా చదివింది: “వే... కు... వ. మా, ఎంత బాగుండాదో చూడు ఈ పేరు!” మేనత్త వంగి పాప చెవిలో చెప్పింది. అందరూ అక్షింతలు వేశారు, నేనూ వేశాను. పెట్టిన పాయసం మాత్రం నా కూతురి వైపు జరిపేశాను. వచ్చేటప్పుడు చిన్న డబ్బాలో లడ్లు ఇచ్చారు.

ఆ డబ్బాలో లడ్లు ఇంకా అయిపోనేలేదు, టీవీలో మళ్ళీ వాయుగుండం అన్నారు. మా తీరం వైపు రాదని చెప్పినా ఊళ్ళో అందరూ టీవీల ముందే. మా అత్త గోడకు ఆనుకుని వక్కాకు నములుతోంది. నా కూతురు కింద కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. నేను చేపలు కడుగుతున్నాను. టీవీలో అమ్మాయి తుఫాన్లకు పేర్లెలా పెడతారో చెబుతూ, ఒకసారి పెట్టిన పేరు మళ్ళీ ఇంకో తుఫానుకు పెట్టరని, ఉదాహరణకు పాత పేర్లు నాలుగు చదివింది. అందులో మా పేరూ ఉంది.

“పోనీలే,” అంది మా అత్త, తనలో తను అనుకున్నట్టు. “ఇంక ఆ పీడ పేరు దేనికీ రాదు.”

పెన్సిల్ ఆగిపోయింది. నా కూతురు తల ఎత్తింది.

“అవ్వా, పీడ పేరంటే నాదేనా?”

“నిన్ను కాదు తల్లీ, నిన్నంటానా! ఆ తుఫానును అంటాండా.”

“రెండూ ఒకటే గదా అవ్వా.”

ఇన్నేళ్ళుగా ఆ పేరు కోసం నాతో కొట్లాడిన మనిషి, నోరు నొక్కుకుని ఏడ్చింది. “మీ నాయన నీకు వేరే పేరు అనుకొనుండె తల్లీ. నేనే కానీకుండా చేసినా. ఆ పొద్దు వాడికోసం నేనే ఒప్పుకున్నా.”

పిల్ల లేచి నా దగ్గరకు వచ్చింది. ఏడవలేదు. పుస్తకం అట్ట మీద పేరూ, పక్కన వేసుకున్న పువ్వూ అరచేత్తో మూసి పట్టుకుంది.

“ఏం పేరు మా? చెప్పు. నాన్న పెట్టిందే పెట్టుకుంటా. రేపు బళ్ళో గూడా అదే చెప్తా.”

ఇన్నేళ్ళూ నేను ఎదురుచూసిన మాట అది. కడిగిన చేపలనే మళ్ళీ కడుగుతూ కూర్చున్నాను.

“చెప్పవేమే, చెప్పు!” అని మా అత్త గోడ దగ్గర నుంచి కసిరింది. నేను పలక్కపోయేసరికి తనే కళ్ళు తుడుచుకుని పిల్లను దగ్గరికి పిలిచింది. “వేకువ తల్లీ. మీ నాయన నీకు వేకువ అని పెట్టినాడు.”

నా కూతురు అవ్వ వైపు చూసింది. అలమరలో లడ్ల డబ్బా వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

“అది టీచరక్క పాప పేరు గదా మా.”