ట్యాంకు నీడలో అక్క ఇల్లు

మొన్న ఆదివారం విజయనగరంలో మా ఇంట్లో, ఇంజనీరింగు చదువుతున్న మా మనవరాలు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి నా పక్కన కూర్చుని, కాలేజీలో ఇచ్చిన పని ఏదో చూపించింది. తెర మీద సన్నటి గీతలతో గీసిన ఎత్తైన కట్టడం ఒకటి నిలబడి ఉంది. ఆ పిల్ల మీట నొక్కగానే దానికి గాలి తగిలినట్టు ఒక పక్కకి ఒరిగి, లేచి, మళ్ళీ ఒరిగింది. స్తంభాలూ అడ్డదూలాలూ కలిసే చోట్లన్నీ ఎర్రబడ్డాయి, అక్కడ దూలం ఆగదని గుర్తు. పిల్ల నవ్వుతూ దూలాల మందం కాస్త పెంచింది, ఎరుపు పోయి ఆకుపచ్చ వచ్చింది. నా టీ చల్లారక ముందే పని అయిపోయింది. నాకు మాత్రం ఆ ఎరుపు చూడగానే భయమేసి, గ్లాసు కింద పెట్టేసి వరండాలోకి వెళ్ళి కూర్చున్నాను. నా ఈడు వాళ్ళకి చెప్పుకుంటే తప్ప ఆ భయం ఎక్కడిదో ఇంకెవరికీ అర్థం కాదు.

అరవైల చివరి మాట. అప్పుడే ఉద్యోగంలో చేరి, శ్రీకాకుళంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ ఇంజనీరుగా పనిచేస్తూ, అరసవల్లిలో అద్దెగదిలో ఉంటూ, రోజూ సైకిలు మీద వెళ్ళి వస్తుండేవాణ్ణి. మా పై అధికారిని ఆఫీసంతా పెద్దాయన అనే అనేవారు. మన ప్రాంతం మనిషే, నెమ్మదస్తుడు. లెక్కలు కట్టే స్లైడ్ రూలు చేతిలో ఉంటే ఎంతటి దూలానికైనా వెదురుబద్దకి లెక్క కట్టినంత తేలిగ్గా కట్టేసేవారు. జిల్లాలో ఆయన గీసిన నీళ్ళ ట్యాంకులు చాలానే ఉండేవి. వాటిల్లో ఒకటి కోటబొమ్మాళికి తూర్పుగా, సముద్రపు గాలి తగిలే ఒక ఊళ్ళో కొత్తగా లేచింది. ఆ ఊరి పేరు ఇప్పుడెందుకులెండి. ఆ ట్యాంకు పంపు నడిపే ఉద్యోగం మా బావది. ట్యాంకు కాళ్ళకి ఆనుకున్నట్టే కట్టిన పెంకుటింట్లో మా అక్కా, బావా, ఇద్దరు చిన్నపిల్లలూ ఉండేవారు. దూరపు నూతికి వెళ్ళే బాధ తప్పిందని అక్క ఎంతో సంబరపడేది, ట్యాంకు స్తంభాల మధ్య తాడు కట్టి బట్టలు ఆరేసుకునేది.

ఆ ఏడు ఎండాకాలం నన్ను కంప్యూటరు నేర్చుకోమని దూరపు నగరంలో ఒక పెద్ద కాలేజీకి పంపారు. కంప్యూటరన్న మాట అప్పటికి మాలో చాలామంది వినడమే కానీ ఆ వస్తువుని చూసినవాళ్ళు లేరు. చల్లటి గది, గుమ్మం బయట చెప్పులు విడవాలి, లోపల బీరువాలంత పెట్టెలు హోరుమంటూ ఉండేవి. మన అంకెలన్నిటినీ అట్టముక్కలకి చిల్లులు కొట్టి కట్టగా కట్టి కిటికీలో ఇస్తే, మర్నాడో ఆ మర్నాడో పొడుగాటి కాగితం మీద జవాబు అచ్చై వచ్చేది. ఒక్క చిల్లు తప్పుచోట పడ్డా అంతా మళ్ళీ మొదటికే. ఎవరి ఆఫీసు పని నుంచి వాళ్ళు ఒక లెక్క తెచ్చుకోమన్నారు. డ్రాయింగు కళ్ళకి కట్టినట్టు తెలుసు కదా అని నేను మా అక్క ఇంటి పక్క ట్యాంకునే ఎంచుకున్నాను. సరదాగానే ఎంచుకున్నాను.

చేత్తో వేసేటప్పుడు, గాలికి స్తంభం ఎక్కడ వంపు తిరుగుతుందో మనమే ఒక ఊహ చేసుకుని, దాని మీద లెక్క నడిపేవాళ్ళం. అందరూ అలాగే చేసేవారు, పెద్దాయనా అలాగే చేశారు. మిషను ఊహించదు, స్తంభాలూ దూలాలూ కలిసే కీళ్ళన్నిటినీ ఒక్కసారే కలిపి సాధిస్తుంది. కాగితం వచ్చాక వేలితో ఒక్కొక్క వరసే చదువుకుంటూ పోయి, కిందనుంచి రెండో అడ్డదూలాల దగ్గర ఆగిపోయాను. అక్కడ మేమేసిన ఇనుము మోయగలిగిన దానికంటే చాలా పెద్ద అంకె ఉంది. చిల్లులు తప్పు కొట్టానేమోనని అట్టలన్నీ మళ్ళీ కొత్తగా కొట్టి ఇచ్చాను. మళ్ళీ అదే అంకె. తిరుగు రైల్లో ఒళ్ళో కాగితాల చుట్ట పెట్టుకుని, అది అబద్ధమైతే నా పరువు పోతుందని ఒక పక్కా, నిజమైతే ఏం పోతుందోనని ఇంకో పక్కా, కన్ను మూయకుండా వచ్చాను.

పెద్దాయన కోప్పడలేదు. కాగితాలు బల్ల మీద పరిచి, కళ్ళజోడు సర్దుకుని, చాలాసేపు చూసి, "మిషనుకి మన సముద్రపు గాలి తెలుసేటోయ్?" అన్నారు. గాలి అంకె మీరు వేసినదే సార్, నేను మార్చలేదు అన్నాను. ఆయన ఆ పూటనుంచి తన ఊహలన్నీ పక్కన పెట్టి, మిషను చేసిన దారినే చేత్తో చెయ్యడం మొదలుపెట్టారు. ఒకదానికొకటి ముడిపడిన సమీకరణాలు పుటలకి పుటలు. ఒకటి తేలితే ఇంకొకటి చిక్కుపడేది. వానాకాలం గడిచిపోయినా అది తేలలేదు. లెక్క తేలకుండా అక్కకి చెప్పి భయపెట్టడమెందుకని నేనూ ఆగాను. ఆఫీసులో నేను ఆయన ముఖం చూడటానికి జంకేవాణ్ణి, ఆయన నా ముఖం చూసేవారు కాదు.

అలా ఉండగానే ఒక ఉదయం రేడియోలో తుపాను కబురొచ్చింది. అప్పటి తుపాను కబుర్లు ఎలా ఉండేవో మీకు తెలుసు, ఎటు తిరుగుతుందో చెప్పలేని గొంతుతో చెప్పేవారు. నేను పెద్దాయన గదిలోకి పరుగెత్తేసరికి ఆయన అప్పటికే కలం మూసి లేచి ఉన్నారు. "తప్పు నాదో మిషనుదో తరవాత తేల్చుకుందాం. ముందు మీ అక్క ఇల్లు ఖాళీ చేయించాల. జీపు తియ్యమను," అన్నారు.

దారి పొడుగునా కొబ్బరిచెట్లు ఇంకా మామూలుగానే ఊగుతున్నాయి. ఊరు చేరాక తలెత్తి ట్యాంకుని చూశాను. అదివరకు ఎన్నిసార్లు చూశానో, ఆ రెండో వరస అడ్డదూలాలు అంత సన్నగా ఉంటాయని నాకు ఎప్పుడూ అనిపించలేదు. వాటి కింద పిల్లలు ఆడుకుంటున్నారు.

నీళ్ళతో ఒకసారీ ఖాళీగా ఒకసారీ నేను ఆ కాలేజీలోనే లెక్క వేసి చూశాను, నీళ్ళ బరువుంటేనే ప్రమాదం ఎక్కువ. అందుకని ట్యాంకు ఖాళీ చెయ్యమని, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా ఊరి చివర మేడ బడికి వెళ్ళాలని చెప్పాను. బావ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏటి, మంచినీళ్ళు ఒగ్గీమంతావా? రేపు తుపానొచ్చి నూతులన్నీ ఉప్పునీళ్ళయిపోతే ఈ జనం ఏటి తాగతారు? మిషను సెప్పిందని ఊరిని ఎండబెట్టీమంతావేటి?"

అదీ నిజమే కదా. పెద్దాయన ముందుకొచ్చి బావ భుజం మీద చెయ్యి వేశారు. "ఇది గీసింది నేనే. నాకు భయంగా ఉన్నాది. అందుకే సెప్తన్నాను," అన్నారు. అంతటి మనిషి నోట ఆ మాట వినగానే బావ తలెత్తి ట్యాంకు వైపు చూశాడు. ఇంతలో అక్క గుమ్మంలోంచి, "నీళ్ళు ఒలకబోయడమెందుకు, ఇంటింటికీ పట్టుకుందుం. ఒరే తమ్ముడా, నిలబడి సూస్తావేటి, ఆ కాగు అందుకో," అని కొంగు బిగించింది. వీధిలో కేకేసి ఆడవాళ్ళని పిలిచింది. బిందెలు, కాగులు, గోలేలు, ఆఖరికి చేపలవాళ్ళ గంపల మధ్య ఉండే రేకు డబ్బాలు కూడా వచ్చాయి. అన్నీ నింపి మిగిలినది కాలవకి వదిలేసరికి గాలి ఈల వెయ్యడం మొదలైంది.

ఆ రాత్రికే అందరం మేడ బడికి చేరి, మర్నాడు పగలంతా ఆ గదిలోనే ఉన్నాం. ఎప్పుడు మధ్యాహ్నమైందో తెలియలేదు. కిటికీకి ఒక రెక్క ఊడిపోయి, అందులోంచి ట్యాంకు కనపడేది. వాన అడ్డం వస్తే మాయమయ్యేది. పెద్దాయనకి దూరపు చూపు లేదు, కళ్ళజోడు తడిసిపోయింది. నా మణికట్టు గట్టిగా పట్టుకుని, వాన తెర వచ్చిన ప్రతిసారీ, "ఉన్నాదా?" అని అడిగేవారు. తెర తొలిగేదాకా నేను చూస్తూ ఉండి, ఉంది సార్ అనేవాణ్ణి. ఒకసారి ఎంతసేపటికీ తెర తొలగలేదు. ఏదో పెద్దగా విరిగిన చప్పుడైంది. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మా అక్క పిల్లలిద్దరినీ ఒళ్ళోకి లాక్కుని కళ్ళు మూసుకుంది. అంతటి భయం ఆ తరవాత ఇన్నేళ్ళ బతుకులో నేను మళ్ళీ ఎరగను. వాన పలచబడ్డాక చూస్తే ట్యాంకు నిలబడే ఉంది, విరిగింది బడి ముందున్న వేపచెట్టు.

గాలి తగ్గి బయటికొచ్చేసరికి అక్క ఇంటి పెంకులు ఊడి వీధంతా పడి ఉన్నాయి. ట్యాంకు మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడింది. ఉత్తినే పరిగెత్తించారని కొందరు గొణుక్కున్నారు, నాకూ సిగ్గేసింది. పెద్దాయన వద్దంటున్నా వినకుండా ఇనుప నిచ్చెన పట్టుకుని ఎక్కారు, వెనకాలే నేను. రెండో వరస అడ్డదూలం స్తంభాన్ని కలిసే చోట, పైనుంచి కిందికంటా ఒక బీట. వేలిగోరు దూరేంత వెడల్పు. పక్క దూలానికీ అక్కడే, ఆ పక్కదానికీ అక్కడే. ఆయన ఆ బీటలో గోరు పెట్టి చూశారు. కిందికి దిగాక బావతో, ఇది బాగు చేసేదాకా ఆ ఇంట్లోకి ఎవరూ అడుగు పెట్టొద్దని చెప్పి, జీపెక్కాక నాతో చిన్న గొంతుతో, "నన్నోసారి ఆ మిషను దగ్గరికి తీసుకెల్తావా?" అన్నారు.

తీసుకెళ్ళాను. చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, బడిలో కొత్తగా చేరిన పిల్లాడిలా ఆ గదిలో నిలబడ్డారు. దూలాల చుట్టూ కొత్త ఇనుము కట్టి కాంక్రీటు పోసే లెక్క ఆయన కూర్చుని చిల్లులు కొట్టించుకున్నదే. ట్యాంకు ఆ తరవాత చాలాకాలం ఊరికి నీళ్ళిచ్చింది. ఇప్పుడు పెద్దాయనా లేరు, అక్కా బావా లేరు.

ఆ తరవాత నా సర్వీసులో మిషన్లు చిన్నవయ్యాయి, జవాబులు త్వరగా రావడం మొదలైంది, వాటితో పాటు కట్టడాలూ మరింత నమ్మకంగా నిలబడుతున్నాయి, అందులో సందేహం లేదు. కానీ ఇవాళ లెక్క వేసేవాడు ఏ నగరంలోనో కూర్చుంటాడు, కట్టడం ఇంకెక్కడో లేస్తుంది. దాని కింద ఎవరు బట్టలు ఆరేసుకుంటారో, ఎవరి పిల్లలు ఆడుకుంటారో అతనికి తెలిసే దారి లేదు. తెలియకపోవడం మంచిదేనేమో, భయం లేకుండా పని చేసుకుంటాడు. మాకు మాత్రం ఆ పిల్లల పేర్లు తెలుసు.