రెండు ల్యాబులు, ఇరవై కంప్యూటర్లు

అబద్ధం ఆడటానికి కూడా చదువు కావాలని ఆ వయసులో నాకు తెలియదు. మా ఆయన పోయిన ఏడాదే, శెనక్కాయ ఎండిపోయిన చేలో కొత్తగా లేచిన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో అటెండరుగా చేరాను. రోజుకూలి. (నేను చెప్తుంటే మా కూతురు రాస్తోంది, నాకు సంతకం వరకే వచ్చు.) కాలేజీకి అనుమతి ఇచ్చే తనిఖీ బాగా జరిగితే పర్మినెంట్ చేస్తానని ప్రిన్సిపాలు మాట ఇచ్చాడు. చంటిపిల్లతో ఉన్నదాన్ని, ఆ మాట పట్టుకునే పామిడి నుంచి రోజూ బస్సెక్కేదాన్ని.

ఆ తనిఖీ నేను చేరిన నాలుగో ఏట పడింది. ల్యాబులు రెండు, కంప్యూటర్లు మాత్రం ఇరవై. తనిఖీవాళ్లు కింది ల్యాబు చూసి టీ తాగేలోపు వాటిని వెనక మెట్ల మీదుగా పై ల్యాబుకు మోయాలి. టీ ఆలస్యం చేయడం నా వంతు. అంతటితో ఊరుకున్నానా? మంచిరోజని పొద్దున్నే ఇరవైకీ పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టాను. (బొట్టు నన్ను పెట్టుకోవద్దన్నారు గానీ కంప్యూటర్లకు పెట్టొద్దని ఎవరూ అనలేదు.) ఒకదాని బొట్టు కారి ముక్కులా దిగింది.

తనిఖీకి వచ్చిన పెద్దసారు పై ల్యాబులో ఆ ముక్కు ముందే ఆగాడు. "ఏమ్మా, ఈ బొట్టును కింద కూడా చూశానే?" అన్నాడు. ప్రిన్సిపాలు నా వైపు గుడ్లురిమాడు. పర్మినెంట్ పోతుందన్న భయంలో, క్లాసు వాకిట్లో కూర్చుని ఏటేటా విన్న, కంప్యూటర్లు చెప్పే కళ్లద్దాల సారు పాఠమే నోటికొచ్చింది.

"కింద చూసిండేదీ ఇదే సార్. కంప్యూటరు లోపల కెర్నెల్ అని ఒక పెద్దమనిషి ఉంటాడంట. మెమరీ అంతా నాదేనని ప్రతి ప్రోగ్రామూ అనుకుంటాదంట. మెమరీని ముక్కలు చేస్తే ఒక్కో ముక్క పేజీ అంట. యా పేజీ నిజంగా యాడుండాదో ఆయప్ప దగ్గర పేజీ టేబులని ఒక పట్టీలో ఉంటాది. అడిగిన పేజీ మెమరీలో లేకుంటే, ప్రోగ్రామును నిలబెట్టి, డిస్కులోనుంచి తెచ్చి పెట్టి, పట్టీ దిద్ది, మళ్లీ నడిపిస్తాడు. నిలబడిన సంగతే దానికి తెలీదు. మీకు టీ ఇచ్చినాం గదా సార్, అట్ల."

పెద్దసారు నవ్వాపుకుంటూ, "రెండు ల్యాబులూ ఒకేసారి చూస్తామంటే?" అన్నాడు.

"మోసేదే పనైతాది సార్. చదువు సాగదు."

క్లాసులో ఆ పాఠానికి కునికి, ఇప్పుడు ల్యాబులో కూర్చున్న పిల్లలు గొల్లుమన్నారు. కళ్లద్దాల సారు మాత్రం, "నేను చెప్తే ఒక్కనికీ తలకెక్కలేదు గదక్కా" అని మొహం వేలాడేశాడు.

ఇంకో ఇరవై కొంటేనే అనుమతి అని రాసిపోయాడు పెద్దసారు. "నిన్నెవురు చెప్పమన్న్యారు?" అని ప్రిన్సిపాలు సాయంత్రం దాకా తిట్టాడు గానీ తీసేయలేదు. కంప్యూటర్లు వచ్చాయి. మరుసటి ఏడు తనిఖీకి చూపించిన పర్మినెంటు పట్టీలో నా పేరూ ఉంది. తనిఖీవాళ్లు ఉన్నంతసేపే. తెల్లారితే మళ్లీ రోజుకూలి. అలా పదకొండేళ్లు, ఏడాదికో రోజు పర్మినెంటుగా పనిచేశాను.

ఆ ఒక్కరోజు కోసం ముందునాడే చీర ఇస్త్రీకి ఇచ్చేదాన్ని. నవ్వుకోండి, పర్వాలేదు. నడక కూడా మారేది.