ఆవకాయకి బదులుగా వచ్చిన ఇంకు

మా తమ్ముడు ఈ రోజు మధ్యాహ్నం ఇండియా నుంచి దోహా వచ్చాడు. వస్తూ మా ప్రింటర్‌కి ఇంకు తెమ్మన్నాను. ఏళ్లుగా అక్కడి నుంచే తెప్పించుకుంటున్నాం, చవకని. నాలుగు రంగులూ తెచ్చాడు. తీరా చూస్తే ఒక్క సీసా మూతి కూడా ట్యాంకులో దిగలేదు.

మా పాత ప్రింటర్ ఏది పోసినా తాగేది. మొన్న ఇక్కడ కొన్న కొత్తది ఫోన్ నుంచే ప్రింట్ తీస్తుంది, స్కాన్ చేస్తుంది, కానీ తన మోడల్ సీసా తప్ప వేరేది ముట్టదు. పైగా పసుపు అయిపోయిందని నలుపు కూడా వేయనంటోంది. పాప ప్రాజెక్టేమో రేపే ఇవ్వాలి.

"కంపెనీ అదే కదక్కా?" అన్నాడు వాడు.

"కంపెనీ అదేరా, మోడల్ మారింది. సర్లే, అమ్మ ఇచ్చిన ఆవకాయేది?"

"ఎయిర్‌పోర్టులో బరువెక్కువైందన్నారు. ఇంకు అర్జెంటన్నావుగా, పచ్చడి తీసేశానక్కా."

వాణ్ణి ఏమనను? అల్ సద్‌లో షాపుకెళ్లి ప్రింట్లు తీయించుకొచ్చేసరికి నా ఓపికంతా అయిపోయింది. కూర వండలేదు. ఆవకాయ కోసం కడిగి ఆరబెట్టిన జాడీ పక్కన ఆ నాలుగు సీసాలూ నిలబడి ఉన్నాయి.

పెరుగన్నంలో నంజుకోడానికి ఏ రంగు బాగుంటుందో కాస్త చెప్పండి.