కాయితం మారలే: ఇబ్రహీంపట్నం పరీక్షకు పోయొచ్చిన

మా మనవరాలు శ్రావ్య మూడో తరగతి. మీర్‌పేట్‌ల దాని బడోళ్లు పలకలు బంద్ చేసి ట్యాబ్‌లు ఇచ్చిన్రు. ఇబ్రహీంపట్నంల ఒక హాస్టల్ బడి ఉన్నదట, అక్కడ పొద్దున చేతిరాత, మధ్యాహ్నం కంప్యూటర్, రెండూ నేర్పుతరని విని నాకు ఆశ పుట్టింది. సీటు కావాల్నంటే పరీక్ష రాయాలె. కొడుక్కు, కోడలికి సెలవు దొరకలే. నేనే తోలుకపోయిన.

ఏడింటికే బయల్దేరినం. సాగర్ రోడ్డు దాకా ఆటో, మనిషికి ఇరవై. అక్కడ బస్సెక్కితే ఆధార్ చూపిస్తే చాలు, ఆడోళ్లకు టికెట్ పైసల్లేవు. గంట పట్టింది. తొవ్వంత నాకు ఒకటే గుబులు. మూడు పెన్సిళ్లు చెక్కి పెట్టిన, మూడూ ఇరిగితే? పిల్లకు కడుపు నొస్తే? గేటు మూస్తే? ఇబ్రహీంపట్నం బస్టాండు కాడ ఎక్కిన ఆటో ఆయన అద్దంల చూసి నవ్విండు.

"పరీక్ష పిల్లకా, నీకా అవ్వా? గట్ల వణుకుతున్నవ్."

"దానికి ఫికర్ లేదు బిడ్డా. ఇద్దరిదీ నేనే పడుతున్న."

బడిల తెలుగు మాటలు చెప్పి రాయించిన్రు. పిల్ల నవ్వుకుంట బయటికొచ్చింది. ఎనకనే టీచరమ్మ కాయితం పట్టుకొని వచ్చింది.

"చెరువు, పొయ్యి, ముగ్గు అని నేను చెప్పిన అవ్వా. అన్నీ ఇంగ్లీషు అక్షరాలల్ల రాసింది."

"తప్పులున్నయా అమ్మా?"

"ఒక్కటి లేదు. తెలుగు అక్షరం గూడ ఒక్కటి లేదు. సీటు ఎట్ల ఇయ్యాలె?"

శ్రావ్య బిక్కమొహం పెట్టింది. "ట్యాబ్‌ల గిట్లనే కొడ్త నానమ్మా. అదే తెలుగు చేస్తది. గీ కాయితం ఎంతసేపు చూసినా చెయ్యలే."

"మీరే నేర్పరాదా అమ్మా?" అని బతిలాడిన. రాయొచ్చిన పిల్లలే మస్తుమంది ఉన్నరన్నది. రాత నేర్పే బడి, రాత రాదనే తిప్పి పంపింది.

బస్టాండుల పిల్లకు ఇడ్లీ తినిపిచ్చిన. నేను చదివింది రెండో తరగతి. ఇసుకల దిద్దితే వేలు మండేది, కానీ ఆ అక్షరాలు ఇప్పటికీ పోలే. వాటితోనే ఇది రాసిన, కోడలు ఫోన్ల ఎక్కిచ్చింది. ఫోను చెడ్డదని అంటలేను. దిద్దుడు గూడ అదే చేస్తే పిల్ల వేలేం నేర్చుకుంటది? పలక ఎప్పుడిస్తరని మా బడోళ్లను అడిగినప్పుడల్లా "కాలం మారింది అవ్వా" అన్నరు. కాలం మారిందట. కాయితం మారలే.

ఆ పరీక్షకు పోయేటోళ్లు తొమ్మిదింటి లోపల గేటు కాడ ఉండుండ్రి. అంతకంటె ముందు ఇంట్ల పిల్లతోని తెల్లకాయితం మీద "అవ్వ" అని రాయించి చూడుండ్రి. నేను పెన్సిళ్లే చెక్కిన.